సస్పెన్షన్ లేని పాత మౌంటెన్ బైకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీదో, షెడ్డు మూలలోనో 1980ల నాటి మౌంటెన్ బైకు ఒకటి బయటపడగానే దాదాపు అందరికీ ఇవే సందేహాలు వస్తాయి. ఒకే ప్రశ్నకు ప్రతిసారీ మొదటినుంచి జవాబు చెప్పవలసి వస్తున్నందున వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. ఈ బైకులను ఇష్టంగా తొక్కే మనిషి రాసిన జవాబులివి కాబట్టి, అక్కడక్కడ నా అభిప్రాయాలు కూడా కనిపిస్తాయి.

## చరిత్ర తెలుసుకోవాలనుకునేవారికి

రిజిడ్ మౌంటెన్ బైకు అంటే ఏమిటి? ఎప్పటి వాటిని పాతవి అంటారు?

ముందుగానీ వెనుకగానీ కుదుపును మింగే స్ప్రింగులేవీ లేని మౌంటెన్ బైకును రిజిడ్ బైకు అంటారు. చాలావాటిలో ఫ్రేము ఉక్కు గొట్టాలతో, చక్రాలు 26 అంగుళాల కొలతతో, బ్రేకులు రిమ్మును పట్టే కాంటిలివర్ రకంతో ఉంటాయి. 1970ల చివరినుంచి 1990ల మధ్యవరకు తయారైనవాటిని సాధారణంగా ఈ కోవలో చేర్చుతారు, ఎందుకంటే ఆ తరువాత మంచి బైకులన్నిటికీ ముందు సస్పెన్షన్ ఫోర్కు రావడం మామూలైపోయింది.

కొండదారుల్లో సైకిలు తొక్కడం మొదలుపెట్టింది కాలిఫోర్నియావాళ్లేనా?

కాదు. సైకిలు పుట్టిననాడు తారురోడ్లే లేవు కనుక మట్టిదారి ప్రయాణం సైకిలంత పాతది. 1897లో అమెరికా సైన్యపు 25వ పదాతిదళానికి చెందిన నల్లజాతి సైనికులు మోంటానాలోని మిసూలా నుంచి సెయింట్ లూయిస్ వరకు సుమారు 1,900 మైళ్లు సైకిళ్ల మీద వెళ్లారు. 1950ల తొలినాళ్లలో పారిస్ చుట్టుపక్కల వెలో క్రాస్ క్లబ్ పారిజియెన్ అనే చిన్న బృందం తమ సైకిళ్లను మార్చుకొని అడవిబాటల్లో పోటీలు పెట్టుకుంది. ఇంగ్లండులో 1955లో ఏర్పడిన రఫ్ స్టఫ్ ఫెలోషిప్ సభ్యులు మామూలు సైకిళ్లతోనే కొండకనుమలు దాటేవారు, తొక్కలేని చోట సైకిలును భుజాన వేసుకొని నడిచేవారు.

అయితే కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీలో జరిగిన దానికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడి కుర్రవాళ్ల సరదా ఆగకుండా సాగి, కొత్త రకం బైకుకూ, దానిని తయారుచేసే పరిశ్రమకూ దారితీసింది. మిగిలిన చోట్ల అలా జరగలేదు.

రీప్యాక్ రేసు గురించి అందరూ ఎందుకంత గొప్పగా చెబుతారు?

మరీన్ కౌంటీలోని ఫెయిర్‌ఫాక్స్ పట్టణానికి దగ్గరలో, సుమారు 2 మైళ్ల పొడవునా 1,300 అడుగులు దిగిపోయే ఒక మట్టిదారి ఉంది. 1976 అక్టోబరు 21న కొందరు మిత్రులు తమలో ఎవరు వేగంగా దిగగలరో తేల్చుకోవడానికి అక్కడ పోటీ పెట్టుకున్నారు. వారు తొక్కినవి 1930, 40లలో పిల్లల కోసం తయారైన, లావు టైర్ల ష్విన్ సైకిళ్లు. పాతసామాన్ల మధ్య దొరికిన ఆ బరువైన ఫ్రేములను బాగుచేసి, అనవసరమైన మడ్‌గార్డులూ అలంకారాలూ పీకేసి వాడేవారు. వాటిని వారు క్లంకర్లు అనేవారు.

ఆ సైకిళ్లకు బ్రేకు వెనుక చక్రం మధ్యనుండే హబ్బులోనే ఉండేది. పెడలును వెనక్కి తొక్కితే చక్రం ఆగేది. కొండ మీదినుంచి కిందికి వచ్చేవరకు అదే బ్రేకును నొక్కిపట్టడం వల్ల హబ్బు కాగిపోయి, లోపలి గ్రీజు పొగగా మారి బయటికి వచ్చేది. దిగిన ప్రతిసారీ హబ్బు విప్పి, గోళీలు తుడిచి, కొత్త గ్రీజు నింపవలసివచ్చేది. ఆ దారికి రీప్యాక్ (మళ్లీ నింపడం) అన్న పేరు అలాగే వచ్చింది. ఆ పోటీల్లో తొక్కినవారిలో గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలోనూ, జో బ్రీజ్ 4 నిమిషాల 24 సెకన్లలోనూ దిగారు.

నా దృష్టిలో ఆ పోటీ విలువ గెలుపోటముల్లో లేదు. ప్రతి పందెం తరువాత ఏ భాగం విరిగిందో, ఏది నిలిచిందో అందరూ కలిసి చూసుకునేవారు. మోటారుసైకిలు బ్రేకు లివర్లు, పొడవాటి హ్యాండిలు, డ్రమ్ము బ్రేకు, చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే డెరైలర్ గేర్లు ఇలా ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వాడేవారే తయారుచేసేవారు కావడం ఆ కాలానికున్న నిజమైన అందం.

కొలరాడోకు ఈ కథలో చోటు ఉందా?

తప్పకుండా ఉంది. 1976లోనే క్రెస్టెడ్ బ్యూట్ అనే ఊరివాళ్లు పాత ఒంటిగేరు సైకిళ్ల మీద సుమారు 12,700 అడుగుల ఎత్తున ఉన్న పెర్ల్ కనుమ దాటి ఆస్పెన్ చేరుకున్నారు. 1978లో కాలిఫోర్నియావాళ్లు తమ గేరు బైకులతో వచ్చి వారితో కలిసినప్పుడు, వేరువేరుగా పెరిగిన రెండు సరదాలు ఒక్కటయ్యాయి.

మొట్టమొదటి అసలైన మౌంటెన్ బైకు ఏది?

పాత సైకిలును మార్చకుండా, కొండదారుల కోసమే మొదటినుంచి రూపొందించినది కావాలంటే, జో బ్రీజ్ 1977లో క్రోమోలీ ఉక్కు గొట్టాలతో తయారుచేసిన బ్రీజర్‌ను చెప్పాలి. ఆ తరహావి ఆయన మొత్తం పది చేశారు. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి మౌంటెన్ బైక్స్ అనే పేరుతోనే వ్యాపారం ప్రారంభించారు. పెద్ద సంఖ్యలో తయారై సామాన్యుడికి అందుబాటులోకి వచ్చినది మాత్రం 1981లో స్పెషలైజ్డ్ సంస్థ జపానులో తయారుచేయించిన స్టంప్‌జంపర్. కాబట్టి ఈ ప్రశ్నకు ఒకటే పేరు చెప్పి ముగించడం న్యాయం కాదు.

రిజిడ్ బైకులు ఎందుకు కనుమరుగయ్యాయి?

పోటీలే కారణం. 1989లో రాక్‌షాక్స్ సంస్థ ఆర్ఎస్-1 అనే సస్పెన్షన్ ఫోర్కును తెచ్చింది. అది సుమారు 2 అంగుళాలు మాత్రమే కుంగేది. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే డౌన్‌హిల్ (కొండ దిగే) పందెం గెలిచాడు. పందెంలో గెలిచిన వస్తువునే కొనేవారు అడగడం సహజం. కొన్నేళ్లలోనే రిజిడ్ ఫోర్కు చవకరకం బైకులకు మిగిలిన వస్తువయింది.

## కొనేముందు

పాత ఫ్రేము దొరికింది. ముందుగా ఎక్కడ చూడాలి?

హ్యాండిలు కిందినుంచి వాలుగా దిగే గొట్టం, ముందున్న నిలువు గొట్టాన్ని కలిసేచోట కింది అంచును వెలుతురులో చూడండి. అక్కడ రంగు సన్నని ముడతలు పడినా, వేలితో రాస్తే చిన్న ఉబ్బు తగిలినా, ఆ బైకు ఎప్పుడో దేనికో ఎదురుగా గుద్దుకున్నదని అర్థం. ఎంత అందంగా ఉన్నా దానిని తొక్కడానికి కొనకూడదు. ఆ తరువాత ఫోర్కు కాళ్లను పక్కనుంచి చూడండి. అవి నిలువు గొట్టం వరుసలో కాకుండా వెనక్కి వంగి కనిపిస్తే అదే ప్రమాదానికి మరో సాక్ష్యం.

పెడళ్ల ఇరుసు దగ్గర చైను వైపు గొట్టం, సీటు గొట్టం పైభాగం, వెనుక ఇరుసు కూర్చునే రేకులు, ఈ మూడుచోట్ల వెంట్రుకవంటి పగుళ్లు వస్తాయి. పైన కనిపించే తుప్పుకు భయపడనవసరం లేదు. సీటు పోస్టు తీసి ఫ్రేమును తలకిందులు చేసినప్పుడు ఎర్రటి పొడి, పెచ్చులు రాలితే మాత్రం గొట్టం లోపలినుంచి తినేయబడుతోందని గ్రహించాలి.

నా బైకు ఏ ఏడాదిదో ఎలా కనుక్కోవాలి?

షిమానో అనే జపాను సంస్థ భాగాలుంటే పని తేలిక. పెడలును పట్టుకునే క్రాంకు వెనుకవైపున, డెరైలర్ లోపలివైపున రెండు ఇంగ్లీషు అక్షరాల ముద్ర ఉంటుంది. మొదటిది ఏడాది, రెండవది నెల. ఏ అంటే 1976, అక్కడినుంచి వరుసగా లెక్కపెడితే కె అంటే 1986, ఎన్ అంటే 1989 అవుతుంది. నెలల లెక్క కూడా ఏ అంటే జనవరి అన్న వరుసలోనే సాగుతుంది. ఒక్క భాగాన్నే నమ్మకుండా రెండు మూడింటిని పోల్చి చూడాలి, ఎందుకంటే మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు.

ముద్రలు చెరిగిపోయినా మరికొన్ని ఆనవాళ్లుంటాయి. హ్యాండిలు, దానిని పట్టుకునే స్టెమ్ము కలిసి ఒకే త్రికోణంగా ఉంటే 1980ల తొలిభాగం. జింకతల బొమ్మ చెక్కిన డియోర్ ఎక్స్‌టీ భాగాలు 1982లో మొదలయ్యాయి. పెడళ్ల వెనుక, గొట్టాల అడుగున యు-బ్రేకు ఉంటే 1980ల రెండవ సగం. బొటనవేలితో నొక్కే రెండు మీటల గేరు లివర్లు 1990 ప్రాంతానివి.

తొక్కడానికి ఏ కాలపు బైకు మంచిది?

1980ల తొలినాళ్ల బైకులు పొడవైనవి, వాటి ముందు గొట్టం 67, 68 డిగ్రీలకు వాలి ఉంటుంది. అవి దిగుడులో నమ్మకంగా, తిన్నగా వెళతాయి, ఇరుకు మలుపుల్లో మాత్రం నెమ్మదిగా తిరుగుతాయి. దశాబ్దం చివరికి పోటీల ప్రభావంతో ముందు గొట్టం 71 డిగ్రీలకు, సీటు గొట్టం 73 డిగ్రీలకు నిలబడి, వెనుకభాగం పొట్టిదయింది. ఇవి ఎక్కుడులో చురుకుగా ఉంటాయి, చెప్పగానే తిరుగుతాయి, కానీ నిటారు దిగుడులో జాగ్రత్త కావాలి. రోజూ తొక్కే ఉద్దేశంతో ఒక్కటే కొనేవారికి 1988 నుంచి 1993 వరకు తయారైన ఉక్కు బైకును సూచిస్తాను. అప్పటికి గేర్లు క్లిక్కుమంటూ ఖచ్చితంగా పడేవి, ఫ్రేములు తేలికయ్యాయి, వెనుక చక్రం కొలత కూడా ఇప్పటికీ దొరికే 135 మిల్లీమీటర్లకు చేరుతూ వచ్చింది.

## బాగుచేసేటప్పుడు

సీటు పోస్టు కదలడం లేదు. సుత్తితో కొట్టవచ్చా?

కొట్టకండి. ఉక్కు గొట్టంలో అల్యూమినియం పోస్టు ఏళ్లతరబడి కదలకుండా ఉంటే, తేమ వల్ల రెండింటి మధ్య తెల్లని పొర పెరిగి బిగుసుకుంటుంది. ముందు బిగింపు బోల్టు పూర్తిగా తీసేసి, పట్టు విడిపించే పల్చటి నూనెను పైనుంచీ, ఫ్రేమును తలకిందులు చేసి కిందినుంచీ పోసి, కొన్ని రోజులు వదిలేయండి. తరువాత సీటు తీసి, పోస్టు తలను బల్లకు బిగించిన వైసులో పట్టించి, ఫ్రేమునే రెండు చేతులతో అటూ ఇటూ తిప్పాలి. ఫ్రేము పొడవు మంచి మీటగా పనిచేస్తుంది. చిన్న కిర్రు శబ్దంతో మొదటి కదలిక వస్తే గెలిచినట్లే. ఇక లాగకుండా తిప్పుతూనే నూనె పోయండి. కొత్త పోస్టు వేసేముందు పాతదాని మీద ముద్రించిన వ్యాసాన్ని చూసుకోవాలి. 26.8, 27.0, 27.2 వంటి కొలతల్లో 0.2 మిల్లీమీటరు తేడా కూడా పనికిరాదు. గొట్టం లోపల గ్రీజు పూయడం మరువకండి.

గేరు మీట నొక్కితే ఖాళీగా తిరుగుతోంది. పాడైపోయిందా?

చాలాసార్లు పాడవదు. లోపలి గ్రీజు గట్టిపడి, పళ్లను పట్టే చిన్న కొక్కెం కదలలేకపోవడమే కారణం. మూత తీసి, గ్రీజు కరిగించే ద్రవం పలుమార్లు చల్లి మీటను నొక్కుతూ ఉంటే ఉన్నట్టుండి మళ్లీ క్లిక్కుమంటుంది. ఆ తరువాత పల్చటి నూనె వేయాలి, చిక్కని గ్రీజు కాదు. లోపలి భాగాలన్నీ విప్పే ప్రయత్నం చేయవద్దు.

కాంటిలివర్ బ్రేకులు సరిగా పట్టడం లేదు. వీటి తీరే ఇంతా?

సరిగా అమర్చిన కాంటిలివర్ బ్రేకు బాగా పట్టుతుంది. ముందుగా పాత రబ్బరు దిమ్మెలను మార్చండి, ముప్ఫై ఏళ్ల రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. రిమ్మును స్పిరిట్‌తో తుడవండి. రిమ్ము గోడ లోపలికి గుంటపడి ఉంటే అది అరిగిపోయిందని అర్థం, మార్చవలసిందే.

తరువాత, రెండు బ్రేకు చేతులను కలిపే అడ్డతీగ ఎత్తును చూడాలి. ఆ తీగ టైరుకు దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉంటే పట్టు బలంగా ఉంటుంది, కానీ దిమ్మెలు కొద్దిగానే కదులుతాయి కనుక రిమ్ముకు దగ్గరగా అమర్చాలి. తీగ ఎత్తుగా ఉంటే మీట గట్టిగా, భరోసాగా అనిపిస్తుంది, పట్టు మాత్రం తగ్గుతుంది. చాలామంది ఆ గట్టిదనాన్నే మంచి బ్రేకు అనుకొని పొరబడతారు. దిమ్మె ముందు అంచు వెనుక అంచుకన్నా సుమారు 1 మిల్లీమీటరు ముందుగా రిమ్మును తాకేలా వంచితే కీచుమనే మోత పోతుంది.

ఒక హెచ్చరిక. ప్రధాన తీగ తెగితే అడ్డతీగ కిందికి జారి, టైరు మొటిమలకు తగులుకొని ముందు చక్రాన్ని ఒక్కసారిగా ఆపేయగలదు. ఫోర్కు తలకు బిగించిన రిఫ్లెక్టరు కమ్మీ ఆ తీగను పట్టి ఆపుతుంది. అందం కోసం దానిని తీసేయవద్దు.

పాత ఫ్రేముకు కొత్త సస్పెన్షన్ ఫోర్కు వేయవచ్చా?

వేయకపోవడమే మంచిది. పాత రిజిడ్ ఫోర్కు పొడవు ఇరుసునుంచి పైవరకు సుమారు 400 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే ఫోర్కులు అంతకన్నా చాలా పొడవు. ముందుభాగం ప్రతి 10 మిల్లీమీటర్లు లేచినకొద్దీ గొట్టాల కోణాలు సుమారు అర డిగ్రీ వెనక్కి వాలుతాయి, పెడళ్లు పైకి లేస్తాయి, ముందు గొట్టం అతుకు మీద ఒత్తిడి పెరుగుతుంది. చురుకైన బైకు తడబడే బైకుగా మారుతుంది.

పాత అల్యూమినియం హ్యాండిలు బారు వాడవచ్చా?

నేను వాడనివ్వను. అల్యూమినియం ఏళ్లతరబడి వంగి లేచిన అలసటను లోపల దాచుకొని, ముందస్తు సూచన లేకుండా విరుగుతుంది. పాతది భద్రంగా దాచుకొని, తొక్కడానికి అదే ఆకారపు కొత్తది వేసుకోండి.

మళ్లీ రంగు వేయించాలా?

గీతలు పడిన అసలు రంగు, చిరిగిన అసలు స్టిక్కరు ఎంత మంచి కొత్త రంగుకన్నా విలువైనవి. తుప్పు చుక్కలను సన్నని ఉక్కుపీచుతో మెల్లగా తీసి, మైనం పూసి వదిలేయండి. అతుకు మరమ్మతు చేయించినప్పుడో, ఇంతకుముందే ఎవరో నాసిగా రంగు వేసినప్పుడో తప్ప కొత్త రంగు జోలికి పోనక్కరలేదు.

## తొక్కేటప్పుడు

అరగంటకే చేతులు నొప్పి పుడుతున్నాయి. ఏం చేయాలి?

హ్యాండిలును గట్టిగా బిగించి పట్టడం వల్లనే నొప్పి ఎక్కువవుతుంది. మోచేతులు బయటికి వంచి, అరచేతులు వదులుగా ఉంచి, దిగుడులో రెండు పెడళ్లనూ ఒకే మట్టంలో నిలిపి, సీటునుంచి కొద్దిగా లేచి ఉండండి. అప్పుడు బైకు మీ కిందనే ఎగిరిపడుతుంది, మీ తల మాత్రం నిలకడగా ఉంటుంది. బ్రేకును ఒకటి రెండు వేళ్లతో, మలుపుకు ముందే నొక్కాలి. రాళ్లమీద బ్రేకు పట్టినంతసేపూ చేతులు బిగుసుకుంటాయి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

2.1 అంగుళాల టైరులో ట్యూబు ఉంటే, మట్టిదారికి 30 నుంచి 40 పి.ఎస్.ఐ. మధ్య, మీ బరువును బట్టి సర్దుకోవాలి. ఈ బైకులో మీకున్న సస్పెన్షన్ టైరే కనుక, ఒక్కొక్క పి.ఎస్.ఐ. తగ్గిస్తూ మీ దారికి సరిపడే అంకెను కనుక్కోవడం విలువైన పని. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చీలికలు పడితే గాలి మరీ తక్కువైందని, టైరు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిందని తెలుసుకోండి.

నిటారు దిగుడులో ముందుకు తూలిపడతానేమోనని భయంగా ఉంది.

సీటు దించండి. ఆ కాలపు బైకుల్లో సీటు బిగింపుకు చేతితో తిప్పే మీట ఉండటం అందుకే. జో బ్రీజ్, జోష్ ఏంజెల్ కలిసి హైట్ రైట్ అనే చిన్న స్ప్రింగు కూడా కనిపెట్టారు. బైకు మీద కూర్చొనే మీట వదులుచేసి సీటును కిందికి అదిమి బిగించవచ్చు, మళ్లీ వదులుచేస్తే స్ప్రింగే సీటును పైకి లేపుతుంది. ఇప్పటి బైకుల్లో మీట నొక్కితే దిగే సీటు పోస్టుకు అది పూర్వీకురాలు. సీటు దిగాక నడుమును వెనక్కి జరిపి, ముందు బ్రేకును మెత్తగా వాడండి.

నిజంగా ఈ బైకులు బాగుంటాయా, లేక పాత జ్ఞాపకాల మోజేనా?

వేగంలోనూ భద్రతలోనూ ఇప్పటి బైకే మేలు, అందులో వాదన లేదు. రాళ్లు నిండిన దిగుడులో పాత బైకు మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. అయితే సాదా మట్టిబాటల మీద, అడవి అంచున సాగే సన్నని దారుల మీద, పొడవైన ఎక్కుళ్లలో దాని తీరే వేరు. తొక్కిన బలం స్ప్రింగుల్లో ఇంకిపోకుండా నేరుగా చక్రానికి వెళుతుంది. వంకరవేరు ఎక్కేటప్పుడు సన్నని ఉక్కు ఫోర్కు కాళ్లు వెనక్కి కొద్దిగా వంగి మళ్లీ నిలవడం కిందికి చూస్తే కంటికి కనిపిస్తుంది. ప్రతి రాయీ అరచేతికి తెలుస్తుంది కనుక, ఏ రాయికి ఎడమగా వెళ్లాలో, ఎక్కడ బరువు తీసేయాలో పది గజాల ముందే నిర్ణయించుకోవలసివస్తుంది. అలా దారిని చదవడం వంటబట్టినవారు ఏ బైకు ఎక్కినా మెరుగ్గా తొక్కుతారని నేను గట్టిగా నమ్ముతాను. 1980ల బైకును చిన్నప్పుడు చూసి కూడా ఉండని యువకులు వీటిని ఇష్టపడుతున్నారంటే కారణం అదే. వారికి నెమరువేసుకోవడానికి జ్ఞాపకాలేమీ లేవు కదా.

## దాచుకునేటప్పుడు

తొక్కితే విలువ తగ్గుతుందా? గోడకు తగిలించి ఉంచాలా?

చేతితో కట్టిన తొలితరం బ్రీజర్, రిచీ, కనింగ్‌హామ్ వంటి అరుదైన ఫ్రేములను మ్యూజియంలో వస్తువులుగానే చూడాలి. ఫెయిర్‌ఫాక్స్‌లో 2015లో తెరిచిన మరీన్ మ్యూజియం ఆఫ్ బైసైక్లింగ్‌లో అటువంటివి చాలా ఉన్నాయి. వేలసంఖ్యలో తయారైన మిగిలిన బైకులను తొక్కడమే వాటికి మేలు. కదలని బైకులో గ్రీజు ఎండుతుంది, టైరు ఒకేచోట నొక్కుకుపోయి పగులుతుంది, సీటు పోస్టు బిగుసుకుంటుంది.

టైర్లు, విడిభాగాలు ఇంకా దొరుకుతాయా?

తరుగుదల భాగాలు చాలావరకు దొరుకుతాయి. బ్రేకు దిమ్మెలు, తీగలు, చైన్లు, గోళీలు, ఏడు గేర్ల చక్రాల పొత్తి ఇంకా తయారవుతున్నాయి. టైరు కొనేటప్పుడు 26 అంగుళాలు అన్న మాటతో ఆగకుండా, పక్కగోడ మీద 559 అన్న అంకె ఉందో లేదో చూడాలి, ఎందుకంటే 26 అంగుళాల పేరుతో వేరే వ్యాసం గల టైర్లూ ఉన్నాయి. గోధుమరంగు పక్కగోడల టైర్లు కూడా ఇప్పుడు మళ్లీ చేస్తున్నారు, పాత రూపం కావాలనుకునేవారికి అవి సరిపోతాయి. సన్‌టూర్ అనే సంస్థ గేరు భాగాలు మాత్రం పాతవాటిలోనే వెతుక్కోవాలి. ముఖ్యంగా సన్‌టూర్ ఫ్రీవీల్‌ను (వెనుక హబ్బుకు మరతో బిగించే పళ్లచక్రాల పొత్తి) విప్పడానికి దాని గాట్లకు సరిగ్గా సరిపడే పనిముట్టు కావాలి, రెండు గాట్ల రకానికీ నాలుగు గాట్ల రకానికీ వేరువేరు పనిముట్లు ఉంటాయి. అది చేతికి దొరికినప్పుడే కొని దాచుకోండి.